ఫ్యాను రెక్క మీద పేరు: అమెరికాలోని మన దాతలకు బహిరంగ లేఖ

అమెరికాలో స్థిరపడి, సొంత ఊరి బడికో ఆసుపత్రికో గుడికో ఏటా ఎంతో కొంత పంపుతున్న తెలుగువాళ్లందరికీ నమస్కారం.

నేను కృష్ణా డెల్టాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసి రిటైరైన హెడ్మాస్టర్ని. మీలో కొందరు నా క్లాసులో కూర్చున్నవాళ్లే, ఆ చనువుతో రాస్తున్నాను. మీరిచ్చిన బెంచీల మీద మా పిల్లలు కూర్చున్నారు, మీరు పెట్టించిన ఫ్యాన్ల కింద పదో తరగతి పరీక్షలు రాశారు. అది మరిచిపోయే మనిషిని కాను. డిసెంబరు సెలవులకు మీరు రాబోతున్నారు. శంకుస్థాపనలు, ప్రారంభోత్సవాలు, శాలువాలు, గ్రూప్ ఫొటోలు అన్నీ సంక్రాంతిలోపు అయిపోవాలి. ఆ హడావుడి మొదలవకముందే మీకు ఒక మనిషి గురించి చెప్పి, దాని మీద నాలుగు మాటలు మాట్లాడాలని ఉంది.

ఆయన మీరుంటున్న దేశం మనిషే. పేరు చక్ ఫీనీ. 1931లో న్యూజెర్సీలోని ఎలిజబెత్‌లో పుట్టాడు. ఎడిసన్‌లో ఉన్నవాళ్లకు పక్క ఊరు కింద లెక్క. 2023 అక్టోబరు 9న, 92 ఏళ్ల వయసులో శాన్‌ఫ్రాన్సిస్కోలో పోయాడు. బతికుండగానే సుమారు 800 కోట్ల డాలర్లు ఇచ్చేశాడు. ముసలితనానికి తనకూ భార్యకూ కలిపి 20 లక్షల డాలర్ల దాకా ఉంచుకుని, అద్దె ఫ్లాట్‌లో ఉన్నాడు. కాలిఫోర్నియాలో మీలో చాలామంది ఇంటి విలువ అంతకంటే ఎక్కువ ఉంటుందని మా పూర్వ విద్యార్థి ఒకడు లెక్కగట్టి చెప్పాడు.

వాళ్లది ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కుటుంబం. తండ్రి ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగి, తల్లి నర్సు. కుర్రాడు వాయుసేనలో చేరి జపాన్‌లో రేడియో ఆపరేటర్‌గా పనిచేశాడు. తిరిగొచ్చాక, సైన్యంలో పనిచేసినవాళ్లకు ప్రభుత్వమిచ్చే చదువు సాయంతో కార్నెల్ యూనివర్సిటీలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు. ఖర్చులకు చాలక రాత్రిపూట హాస్టళ్ల చుట్టూ తిరిగి శాండ్‌విచ్‌లు అమ్మాడు. 1956లో డిగ్రీ పుచ్చుకున్నాడు. ఆ ఇంట్లో అంతకుముందు కాలేజీ మెట్లెక్కినవాళ్లు లేరు. ఈ ప్రభుత్వ సాయం సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి. మీలో ఎంతమంది జడ్పీ హైస్కూల్లో, ఆ తర్వాత సర్కారు సీట్లోనో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదో చదివి విమానం ఎక్కారో నాకు తెలుసు.

వ్యాపారం మొదలైన తీరు వింటే మీకు సరదాగా ఉంటుంది. అప్పట్లో మధ్యధరా సముద్రపు రేవుల్లో అమెరికా యుద్ధనౌకలు ఆగేవి. నావికులు ఇంటికి పట్టుకెళ్లే మద్యానికి పన్ను మినహాయింపు ఉండేది. ఏ ఓడ ఏ రేవుకు ఎప్పుడొస్తుందో ఆరా తీసి, అది వచ్చేసరికి అక్కడ నిలబడి ఆర్డర్లు రాసుకునేవాడు ఫీనీ. చేతిలో సరుకే లేదు, ఉన్నది ఆర్డర్ల పుస్తకం మాత్రమే. కార్నెల్‌లో చదివిన రాబర్ట్ మిల్లర్‌తో కలిసి 1960లో పెట్టిన కంపెనీయే తర్వాత, పన్ను లేకుండా సరుకులమ్మే డ్యూటీ ఫ్రీ షాపర్స్ అయింది. హాంకాంగ్‌లో ఒక కొట్టు, ఆ తర్వాత హొనలులులో ఒకటి. అసలు కలిసొచ్చింది 1964లో. ఆ ఏడు జపాన్ తన ప్రజల విదేశీ ప్రయాణాల మీద ఆంక్షలు ఎత్తేసింది. జపాన్ వాళ్లు ఊరెళ్లి వస్తే ఆఫీసులోనూ ఇరుగుపొరుగుకూ తలా ఒకటి తేవాలి, తేకపోతే తప్పు. మీ సూట్‌కేసుల్లో చాక్లెట్లకు ఎంత చోటు పోతుందో గుర్తు తెచ్చుకుంటే ఈ బాధ మీకు అర్థమవుతుంది. ఫీనీకి జపనీస్ వచ్చు. ఆ భాష మాట్లాడే అమ్మాయిలను కౌంటర్లలో పెట్టాడు, టూరు గైడ్లతో స్నేహం చేశాడు, టోక్యో విమానాలు ఇంధనం కోసం ఆగే అలాస్కాలోని యాంకరేజ్‌లో కూడా షాపు తెరిచాడు. కొనేవాడు ఎక్కడ ఆగుతాడో అక్కడ నిలబడాలన్నదే ఆయన వ్యాపార సూత్రమంతా.

మధ్యలో ఒకసారి మునిగిపోబోయాడు. విదేశాల్లో ఉన్న సైనికులకు కార్లు అమ్మే వ్యాపారం అతిగా పెంచారు. అడ్వాన్సులు తీసుకున్నారు, ఎంత వస్తోందో ఎంత పోతోందో చూసుకోలేదు. అలన్ పార్కర్ అనే కుర్ర అకౌంటెంట్ వచ్చి పద్దులు తిరగేస్తే కంపెనీ దివాలా అంచున ఉందని బయటపడింది. కార్లు వదిలేసి కొట్లు నిలబెట్టుకున్నారు, పార్కర్‌ను భాగస్వామిని చేసుకున్నారు. ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఆ అకౌంటెంటే. హెడ్మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది!

1982లో బెర్ముడాలో ఫౌండేషన్ పెట్టాడు. అట్లాంటిక్ ఫిలాంత్రపీస్ అన్న పేరుతో తర్వాత లోకానికి తెలిసింది అదే. 1984లో, 53 ఏళ్ల వయసులో, కంపెనీలో తనకున్న 38.75 శాతం వాటాను దాదాపు యావదాస్తితో సహా దానికి రాసిచ్చేశాడు. భార్యాపిల్లలకు విడిగా ఏర్పాటు చేశాడు లెండి, వాళ్లను రోడ్డున పడేసి దాత అనిపించుకోలేదు. వాటా చేతులు మారిన సంగతి వ్యాపార భాగస్వాములకు కూడా చాలా ఏళ్లు తెలియదు. 1988లో ఫోర్బ్స్ పత్రిక అమెరికాలోని మహా ధనవంతుల జాబితాలో ఈయన పేరు వేసింది. అప్పటికి ఆ ఆస్తి ఆయన పేరున లేనే లేదు. ఎకానమీ క్లాసులో, చేతికి చవకరకం కాసియో వాచీతో, కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఎవరికి ఇచ్చినా ఒకటే షరతు: ఎక్కడి నుంచి వచ్చిందో బయటపెట్టకూడదు. శిలాఫలకం లేదు, సన్మానం లేదు. అయిదు ఖండాల్లో ఆయన డబ్బుతో వెయ్యి దాకా భవనాలు లేచాయి. వాటి మీద ఆయన పేరు లేదు. 1996లో కంపెనీని ఫ్రాన్స్‌కు చెందిన విలాస వస్తువుల సంస్థ ఎల్‌వీఎంహెచ్‌కు అమ్మేటప్పుడు మిల్లర్‌తో గొడవ వచ్చింది. కోర్టు కాగితాల్లో ఎలాగూ బయటపడుతుందని తెలిసి, 1997 జనవరిలో తనే న్యూయార్క్ టైమ్స్‌కు చెప్పుకోవాల్సి వచ్చింది. అన్నట్టు, ఆ అమ్మకంలో వచ్చిన సొమ్ములోంచి ఎన్నాళ్లనుంచో పనిచేస్తున్న ఉద్యోగులకు కూడా పంచాడు.

గుప్తదానం మనకు కొత్త కాదు. తిరుమల హుండీలో వేసేవాడి పేరు ఎవరడిగారు? అయితే మన ఊరి గుడిలో తల పైకెత్తితే ఫ్యాను రెక్క మీద 'ఫలానావారి జ్ఞాపకార్థం, కుమారులు, కోడళ్లు, మనుమలు' అని ఉంటుంది. తిరిగే రెక్క మీద పేరు ఎవరికీ కనపడదు. ఆ ముక్క మాత్రం ఎవరూ ఆలోచించరు.

అమ్మానాన్నల పేరు నిలబడాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. నేను పట్టిపట్టి మాట్లాడుతున్నది ఆ పేరు చెక్కించాక ఏమవుతుందన్న దాని గురించి. మా బడికి ఒక దాత ఆర్వో ప్లాంటు ఇచ్చారు. మంచి కంపెనీది. ఎమ్మెల్యే వచ్చి కుళాయి తిప్పారు. దానికి ఫిల్టర్లు మార్చాలి, ఏడాదికో రెండేళ్లకో మెంబ్రేన్ మార్చాలి, కరెంటు బిల్లు కట్టాలి, వెనక్కి పోయే నీరు మళ్లించాలి. వీటికి ఒక పద్దంటూ లేదు. కొన్నాళ్లు టీచర్లం తలా కాస్త వేసుకున్నాం. ఆ తర్వాత పిల్లలు మళ్లీ ఇంటి నుంచి సీసాల్లో నీళ్లు తెచ్చుకున్నారు. పేరున్న స్టీలు పలక మాత్రం ఇప్పటికీ మెరుస్తోంది. డిజిటల్ క్లాసుదీ అదే గతి. ప్రొజెక్టర్ బల్బు పోయింది, కొత్తది ఎవరు కొనాలి? దాత గారికి ఫోన్ చేయడానికి మొహమాటం. ఇంత ఇచ్చినవాళ్లను మళ్లీ బల్బుకు అడుగుతామా? మరుగుదొడ్లు కట్టించినవాళ్లు ఉన్నారు, అవి కడిగే ఆయాకు జీతం ఇస్తామన్నవాళ్లు తక్కువ. ఆయా జీతం మీద పేరు రాయించుకోవడానికి చోటు లేదు మరి.

ఫీనీ కూడా భవనాలే కట్టించాడు కదా అంటారేమో. కట్టించాడు, ఇష్టపడి కట్టించాడు. ఎలా కట్టించాడో చూడండి. ఐర్లండ్‌లో లిమరిక్ అనే ఊళ్లో అప్పుడప్పుడే ఎదుగుతున్న ఒక విద్యాసంస్థ ఉండేది. దాని అధిపతి ఎడ్ వాల్ష్. ఫీనీ 1980లలో అక్కడికెళ్లి, తిరిగి చూసి, ఆ మనిషి పని జరిపించగలడని నమ్మకం కుదిరాక ఇవ్వడం మొదలుపెట్టాడు. పక్కన నిలబడి మిగతా ధనవంతులను కూడా పోగుచేశాడు. 1989లో దానికి యూనివర్సిటీ హోదా వచ్చింది. ముందు మనిషిని చూసుకోవడం, తర్వాత గోడలు లేపడం. కొట్టు పెట్టేటప్పుడు కౌంటర్లో ఎవరుంటారో చూసుకోకుండా షట్టర్ ఎత్తే వ్యాపారి ఉండడు కదా.

ఇంకో ఎత్తు వేశాడు, అది మీకు బాగా పనికొస్తుంది. 1998లో ఐర్లండ్ ప్రభుత్వం యూనివర్సిటీల్లో పరిశోధనకు ఒక పెద్ద పథకం పెట్టింది. వెనకున్నది ఫీనీ ఫౌండేషన్. మేమింత పెడతాం, మీరూ పెట్టండి అని ప్రభుత్వాన్ని ఒప్పించింది. అంతకుముందు పరిశోధన మీద అంతంతమాత్రంగా ఖర్చుపెట్టిన ప్రభుత్వం చేత కోట్లు పెట్టించింది. మనవైపు అలవాటు తలకిందులుగా ఉంది. ప్రభుత్వం చేయాల్సిన పని మీరు చేసేస్తారు, ప్రభుత్వం హమ్మయ్య అనుకుంటుంది. లెక్కల టీచరు పోస్టు ఖాళీగా ఉన్న బడికి మీరు ల్యాబు కట్టిస్తే ఆ పోస్టు ఇంకో మూడేళ్లు ఖాళీగానే ఉంటుంది. మీరు వందమంది కలిసి, 'ఈ మండలంలోని బళ్లకు ల్యాబులు మావి, ఖాళీలు నింపే పూచీ మీది, రాతపూర్వకంగా ఇవ్వండి' అంటే కలెక్టరు వింటాడు, మంత్రీ వింటాడు. మీరొస్తే ఎయిర్‌పోర్టుకు పూలదండతో వచ్చే నాయకులు ఈ మాటా వింటారు. 2025 ఉగాదికి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన పేదరిక నిర్మూలన పథకం పీ4లో, కలిగినవాళ్లను మార్గదర్శులుగా ఉండి, బంగారు కుటుంబాలని పిలిచే పేద కుటుంబాల చేయి పట్టుకోమని ప్రభుత్వమే పిలుస్తోంది. పిలిచిన చోట మన షరతు మనం పెట్టుకోవచ్చు.

అన్నిటికీ గోడలే అక్కర్లేదని కూడా ఆయనకు తెలుసు. వియత్నాంలో డా నాంగ్ ఆసుపత్రికి, పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాలకు ఇచ్చాడు. దాంతో పాటు మోటారు సైకిళ్ల మీద తిరిగేవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి చేయాలని పనిచేసేవాళ్లకూ ఆ ఫౌండేషన్ సాయం అందింది. 2007 డిసెంబరు నుంచి అక్కడ ఆ చట్టం గట్టిగా అమలైంది. హెల్మెట్ చట్టానికి ప్రారంభోత్సవం ఎలా చేస్తారు, రిబ్బను ఎక్కడ కట్టి కత్తిరిస్తారు?

ఇప్పుడు మీ దేశపు లెక్క ఒకటి. మీలో చాలామంది కంపెనీ షేర్లను డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో, అంటే దానానికని పక్కన పెట్టే ఖాతాలో, వేస్తున్నారని మా పిల్లలు చెప్పారు. వేసిన ఏడాదే పన్ను మినహాయింపు వస్తుంది. అందులోంచి తీసి నిజంగా ఎవరికైనా ఇవ్వడానికి చట్టంలో గడువు లేదు. ప్రైవేటు ఫౌండేషన్లకైతే ఏటా ఆస్తిలో సుమారు 5 శాతం ఖర్చుపెట్టాలన్న నియమం ఉంది, ఈ ఫండ్‌కు అదీ లేదు. దానం చేసేశామన్న తృప్తి మీకుంటుంది, డబ్బు మాత్రం మార్కెట్లో పెరుగుతూ అక్కడే కూర్చుంటుంది. ఫీనీ పట్టుదలంతా దీనికి పూర్తిగా ఎదురు. బతికుండగానే ఇవ్వాలి, తరతరాలకూ ఫౌండేషన్ నడవనక్కర్లేదు అన్నాడు. బిల్ గేట్స్, వారెన్ బఫెట్ 2010లో మొదలుపెట్టిన ధనవంతుల దాన ప్రతిజ్ఞ, గివింగ్ ప్లెడ్జ్‌కు ఈయన నడకే ఒక స్ఫూర్తి అని వాళ్లే ఒప్పుకున్నారు. ఆ ప్రతిజ్ఞలో ఆస్తిలో సగం చాలు, చనిపోయాక ఇచ్చినా చాలు. ఈయన 2016కల్లా ఇవ్వాల్సిన చివరి గ్రాంటు కూడా ఇచ్చేసి, 2020 సెప్టెంబరులో, కొవిడ్ రోజుల్లో, జూమ్ కాల్ నడుస్తుండగా ఫౌండేషన్ మూసివేత కాగితాల మీద సంతకం పెట్టాడు. ఆ ఫండ్‌లో వేసింది పిల్లలు పెద్దయ్యాక చూసుకుంటారని అనుకుంటున్న వాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. మా బడిలో ఇవాళ ఏడో తరగతి చదివే పిల్ల మీ పిల్లలు పెద్దయ్యేదాకా ఏడో తరగతిలోనే ఉండదు.

ఫీనీని దేవుణ్ని చేసి చూపించడం నా ఉద్దేశం కాదు. ఆయన సంపదలో మద్యం, సిగరెట్లు అమ్మగా వచ్చింది చాలానే ఉంది. బెర్ముడా ఎందుకంటే అక్కడ రహస్యం నడుస్తుంది, పన్నుల బాదరబందీ తక్కువ. ఫౌండేషన్ అక్కడ పెట్టడం వల్ల అమెరికాలో దానానికి వచ్చే పన్ను మినహాయింపు తనకు రాకుండా పోయిందన్నదీ నిజమే. అయినా వ్యాపారానికి పన్నులు తగ్గించుకునే దారులు వెతకడంలో ఆయన ఎవరికీ తీసిపోలేదు. రహస్యంలోనూ చిక్కుంది. ఒక దేశం చదువుల తీరును మార్చేంత డబ్బు ఎవరిదో ఆ దేశం జనానికి తెలియకపోవడం మంచిదేనా? నాకైతే మంచిదనిపించదు. గుట్టు బయటపడ్డాక ఆ ఫౌండేషన్ కూడా ఎవరికి ఎంత ఇస్తున్నదీ బాహాటంగా చెప్పడం మొదలుపెట్టింది. ఇక తలుపులు మూసేయడం వల్ల దాని మీదే ఆధారపడి నడిచిన సంస్థలు కొన్ని ఇబ్బంది పడ్డాయి. ముందే చెప్పి మూశారు కానీ, ముందే చెప్పినంత మాత్రాన జీతాలు వచ్చిపడవు.

కాబట్టి పేరు పూర్తిగా దాచుకోమని నేననను. పద్దులో ఉండాలి, ఎవరు ఎంత ఇచ్చారో ఊరందరికీ తెలిసేలా బడి నోటీసు బోర్డు మీద ఉండాలి. గోడ మీద చెక్కడం, గేటు మీద ఆర్చి కట్టడం వేరు. పేరు వదిలేయడంలో వ్యాపారపు లెక్క కూడా ఉంది. ఆ చోటు ఖాళీగా ఉంటే, పేరు కావాలనుకునే ఇంకొకాయన ఇంకో గది కట్టించడానికి ముందుకొస్తాడు. పేరు అక్కర్లేని మీ డబ్బు ఎవరికీ కనపడని చోటికి వెళ్లొచ్చు: ఆయా జీతానికి, ఫిల్టర్లకు, ప్రొజెక్టర్ బల్బుకు, లైబ్రరీలో సాయంత్రం రెండు గంటలు కూర్చునే నిరుద్యోగి కుర్రాడికి. కార్నెల్ వాళ్లు 2021లో, ఆయన 90వ పుట్టినరోజుకు, క్యాంపస్‌లో ఒక రోడ్డుకు ఫీనీ వే అని పేరు పెట్టారు. ఆయన అక్కడ చదువుకుని, ఆ యూనివర్సిటీకి దగ్గరదగ్గర 100 కోట్ల డాలర్లు ఇచ్చాడు. న్యూయార్క్‌లో మన పిల్లలు కూడా చదువుకుంటున్న కార్నెల్ టెక్‌కు 2011లో ఇచ్చిన 35 కోట్ల డాలర్లు అందులోవే. పేరు అడక్కపోయినా పెట్టేవాళ్లు పెడతారు, తొందరేం లేదు.

పాస్‌పోర్టు మారినవాళ్లకు ఒక హెచ్చరిక. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, విదేశీ పౌరులైన మనవాళ్లకు భారత్ ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం లెక్కలో మీరిచ్చేది విదేశీ విరాళమే. ఇక్కడి ట్రస్టుకు ఆ రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, ఒక సంస్థ దాన్ని ఇంకో సంస్థకు మళ్లించకూడదు. భారత పాస్‌పోర్టు మీదే ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఈ చిక్కు లేదు. ఊళ్లో బావమరిది ఖాతాకు వేసి 'నువ్వే చూసుకో' అనడం చాలామంది పాటించే పద్ధతి. దానివల్ల చెడిన చుట్టరికాలు నేను చూశాను. మీరు పనిచేసే కంపెనీల్లో చాలావాటికి ఉద్యోగి ఇచ్చినంత తామూ కలిపే ఏర్పాటు ఉంది. బావమరిది ఖాతాకు వేస్తే అది కూడా రాదు.

ఈసారి వచ్చేటప్పుడు ఎమ్మెల్యే గారి డేటు కోసం చూడకండి. ఒక పనిదినం పొద్దున, మధ్యాహ్న భోజనం వేళ దాకా బడిలో కూర్చునేలా రండి. కిందటిసారి ఇచ్చిన వస్తువుల్లో ఏవి నడుస్తున్నాయో, ఏవి మూలపడ్డాయో ఇప్పటి హెడ్మాస్టరమ్మ జాబితా రాసి ఉంచుతానన్నారు. ముందు ఒప్పుకోలేదు, దాతలు నొచ్చుకుంటారని ఆవిడ భయం. నేనే ఒప్పించాను. చూసి నొచ్చుకున్నా ఫరవాలేదు. నెలకు ఎంతైతే అవన్నీ నడుస్తాయో ఆ లెక్క కూడా అందులోనే ఉంటుంది. మీలో ఆడిటర్లు, అకౌంటెంట్లు చాలామంది ఉన్నారు. ఒకరు అలన్ పార్కర్‌లా కూర్చుని మా మండలం బళ్లన్నిటి పద్దులు చూసిపెడితే, నాకు కొత్త బిల్డింగు కంటే అదే ఎక్కువ.

శాలువా నేను తేను, భోజనం మాత్రం మా ఇంట్లోనే.

ఇట్లు,
మీ పాత హెడ్మాస్టరు